తలవైపు మనిషి

ఆసుపత్రి వెనక, వ్యాయామాల గది నుంచి
ఆపరేషన్ అయిన మూడో వారం

ఆడపడుచు గారికి,

ఫోన్‌లో మీ అన్నయ్య ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది" అన్నావు. ఫోన్ నేను లాక్కుని అడిగితే "బాగానే ఉంది వదినా" అన్నావు. భుజం కోసి, కండని ఎముకకి పట్టి ఉంచే తాడు తెగిపోతే దాన్ని లాగి మళ్ళీ ఎముకకి కుట్టిన పందొమ్మిదో రోజున బాగానే ఉన్న మనిషిని నా సర్వీసులో ఇంతవరకూ చూడలేదు. కాబట్టి ఇక ఫోన్ వద్దు, ఉత్తరం రాయి. ఫోన్‌లో అయితే అబద్ధం చెప్పి పెట్టేస్తావు. కాగితం మీద అబద్ధం రాయాలంటే కాస్త కూర్చుని ఆలోచించాలి, నీకు కూర్చోవడం చేతకాదు. స్లింగ్‌లో ఉన్నా వేళ్ళు కదుల్తాయి, రాయొచ్చు.

మీ అంబులెన్స్ ఆఫీసు నుంచి మాకు కాగితం వచ్చింది. ఆరు నెలలకి నీకు స్ట్రెచర్ మోత పరీక్ష పెడతారట. దానికి ముందు భుజం పనికొస్తుందని ఫిజియోథెరపిస్టు సంతకం కావాలి. వాళ్ళ జాబితాలో ఉన్నది మా ఆసుపత్రే. బంధువునని చెప్పాను, పని తెలిస్తే చాలన్నారు. నెలకోసారి మీ ఊళ్ళో డాక్టరు చూస్తాడు, రోజువారీ పని నాది, సంతకమూ నాదే.

ఏటా తొలివాన పడిన వారం మా గది ముందు బల్లలన్నీ నిండిపోతాయి. జారిన మోకాళ్ళు, మెలిపడిన మడమలు, నేలకి ఆనించిన మణికట్లు. ఈసారి ఆ వరసలో మా ఇంటి మనిషే ఉంది, అందుకే నా కోపం.

ప్రస్తుతానికి ఒకటే పని. రోజుకి మూడుసార్లు ఎడమ చేయి బల్లకి ఆనించి ముందుకి వంగు. కుడి చేతిని వేలాడనివ్వు. చిన్న సున్నాలు చుట్టు, ఇరవై. చేయి తనంతట తాను ఊగాలి, నువ్వు ఊపకూడదు. నొప్పి పదికి ఎంతో రాయి.

వదిన

*

మేడ మీది నా గది నుంచి
నాలుగో వారం

వదినా,

లోకంలో ఆడపడుచులంతా వదినలని ఆడిస్తారని విన్నాను. నా జాతకం తిరగబడింది. సున్నాలు చుడుతున్నాను. నొప్పి పదికి నాలుగు, దగ్గినప్పుడు ఏడు. అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయని నవ్వకు.

ఎలా జరిగిందో వివరంగా రాయమని అన్నయ్య ఫోన్‌లో అడిగాడు. చెప్పేందుకు ఏముంది. తొలివాన. మూడో అంతస్తులో ఒక టైలరుకి గుండె నొప్పి అని ఫోన్ వచ్చింది. లోపలి మెట్లు ఇరుకని బయట ఇనప మెట్ల మీంచి దించుతున్నాం. నేను తలవైపు, నా జోడీ డ్రైవరన్న కాళ్ళవైపు. దిగేటప్పుడు కాళ్ళవైపు మనిషి ముందుంటాడు. వెనకున్న నాకు స్ట్రెచర్ అడ్డమై నా కాళ్ళు నాకు కనిపించవు. అందుకని ముందున్న మనిషి ప్రతి మెట్టూ చూసి పైకి చెప్పాలి. మెట్టు, మలుపు, తడి, ఆగు, ఇలా. ఆ రోజు తడి అన్న సంగతి ఆయన చెప్పలేదు. నా కాలు జారింది, చేయి మెలిపడింది. టైలరు గారికి మోచెయ్యి విరిగింది, ప్రాణానికి ఏమీ కాలేదు. డ్రైవరన్నని మోత నుంచి తీసి స్టోర్లో వేశారు.

వదినా, నాకు పరీక్ష ఒక్కటే కావాలి. పదకొండేళ్ళుగా నేను తలవైపు మనిషిని. మనిషి బరువంతా అటే ఉంటుంది. మగవాళ్ళు కూడా రోజు మార్చి రోజు వైపులు మారతారు, నేను మారలేదు. స్టేషన్లో నన్ను క్రేన్ అని పిలుస్తారు. పరీక్ష తప్పితే ఫోన్లెత్తే గదిలో కూర్చోబెడతారు. పక్క గదిలో బండి సైరన్ మోగుతుంటే నేను చెవికి తీగలు పెట్టుకుని అడ్రసు రాసుకుంటూ కూర్చోవాలి. అలా బతకడం నా వల్ల కాదు.

క్రేన్

*

వ్యాయామాల గది నుంచి
ఏడో వారం

చంటీ,

స్లింగ్ తీసేశారని డాక్టరు కాగితం వచ్చింది. ఇక గోడ పని. గోడకి ఎదురుగా నిలబడు, కుడి చేతి వేళ్ళతో చీమ పాకినట్టు గోడ ఎక్కించు. ఆగిన చోట పెన్సిల్ గీత గియ్యి, పక్కన తేదీ వెయ్యి. వారానికి రెండంగుళాలు పెరిగితే చాలు. మునివేళ్ళ మీద లేవకు, పక్కకి వంగకు, భుజాన్ని చెవి దాకా ఎగరెయ్యకు. ఈ మూడు దొంగతనాలూ నా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళూ చేస్తారు, నువ్వు మూడూ ఒకేసారి చేసే రకం.

ఆపరేషన్ చేసిన డాక్టరు నోట్సూ, పడ్డప్పుడు తీసిన స్కాన్ కాగితమూ పంపు. సంతకానికి అవి నా ఫైల్లో ఉండాలి.

ఒక సంగతి అడుగుతాను. నువ్వు ఇంటికొస్తే నోరు విప్పిన దగ్గర్నుంచీ డ్రైవరన్న ఇలా అన్నాడు, డ్రైవరన్న అలా చేశాడు అనేదానివి. ఇప్పుడు ఆయన ఉద్యోగం స్టోర్లో పడితే ఒక్క వాక్యంలో తేల్చేశావు. మాట్లాడుకున్నారా?

వదిన

*

మేడ మీది గది నుంచి
తొమ్మిదో వారం

వదినా,

గోడ మీద నాలుగు గీతలు పడ్డాయి. ఇంటావిడ చూసి, పిల్లలెవరూ లేరు కదా, ఎవరి ఎత్తు కొలుస్తున్నావని అడిగింది. నా ఎత్తే అన్నాను.

మొదటి గీత గడ్డం దగ్గర, నాలుగోది నడినెత్తి పైన. మునివేళ్ళ మీద లేచానని నువ్వు అనుకుంటావు. మొదటిరోజు లేచాను, తర్వాత చెరిపేసి మళ్ళీ గీశాను. కాగితాలు ఎక్కడో పెట్టాను, వెతికి పంపుతాను.

మొన్న నల్లా దగ్గర బకెట్ నిండిపోయి పొర్లుతుంటే కుడిచేత్తో ఎత్తి పక్కన పెట్టేశాను. సగం బకెట్టే. నొప్పి అయిదు దాకా వెళ్ళింది, పొద్దుటికి తగ్గింది. కాబట్టి బలం వస్తోందన్నమాట. రబ్బరు బ్యాండు లాగడం ఎప్పుడు మొదలుపెడదాం? నువ్వు నన్ను ముసలమ్మలా నడిపిస్తున్నావు.

డ్రైవరన్నతో మాట్లాడే అవసరం రాలేదు.

క్రేన్

*

వ్యాయామాల గది నుంచి
పదో వారం

సగం బకెట్టు ఎత్తిన మహాతల్లికి,

కుట్టిన తాడు ఎముకకి అతుక్కోవడానికి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా దాన్ని పట్టి ఉంచేది దారం. నువ్వు బకెట్ ఎత్తింది దారంతో. దారం తెగితే రెండో ఆపరేషన్ ఉంటుంది, దాని తర్వాత మోత పరీక్ష ఉండదు. నిన్ను భయపెట్టడానికే రాస్తున్నాను, భయపడు.

నిన్న ఇక్కడ ఒక తోటమాలి నీలాగే తొందరపడి నిచ్చెనెక్కి వచ్చాడు. అతని భుజం మీద చెయ్యి వేస్తుంటే నువ్వే గుర్తొచ్చావు.

కాగితాలు పంపు. ఎక్కడో పెట్టాననే మాట రెండోసారి వినను.

వదిన

*

మేడ మీది గది నుంచి
పన్నెండో వారం

వదినా,

తప్పైపోయింది. బకెట్లని చూస్తే దూరంగా జరుగుతున్నాను. డాక్టరు భుజం తిప్పి చూసి బ్యాండు మొదలెట్టమన్నాడు. పసుపుపచ్చ బ్యాండు తలుపు గడియకి కట్టి మోచెయ్యి నడుముకి ఆనించి లాగుతున్నాను. పదిసార్లకే చేయి వణికిపోతోంది. ఎనభై కిలోల మనిషిని మోసిన చేయి రబ్బరు ముక్కకి వణకడం చూస్తే ఏడుపొస్తోంది.

పరీక్ష ఇరవై ఆరో వారంలో పెడతారట. ఒక్కటే అవకాశం. తప్పితే నా చోట వేరేవాళ్ళని తీసుకుంటారు. సంతకం కాగితం ముందే పంపించమని మా స్టేషన్ సూపరింటెండెంటు ఆవిడ అడుగుతోంది. ఇప్పుడే పెట్టేస్తే నాకు ఒక బెంగ తీరుతుంది.

అడిగిన కాగితాలు దీంతో ఉన్నాయి. అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు.

నీ మరదలు

*

వ్యాయామాల గది నుంచి
పదమూడో వారం

చంటీ,

కాగితాలు మూడుసార్లు చదివాను. పెద్దగా ఏమీ లేదన్నావు. నాకు చాలా కనిపించింది.

కొత్తగా తెగిన తాడు అంచు శుభ్రంగా ఉంటుంది. నీది పీచు లేచి, అరిగి, లోపలికి ముడుచుకుపోయి ఉందని డాక్టరు రాశాడు. స్కాన్‌లో భుజం పైకండ సన్నబడి, ఆ సందులో కొవ్వు చేరింది. ఆ స్కాన్ నువ్వు పడిన మూడో రోజున తీసింది. మూడు రోజుల్లో కండ కరగదు, కొవ్వు చేరదు. దానికి నెలలు పట్టాలి.

ఇది ఆ రోజు తెగింది కాదు చంటీ. వానకి చాలా ముందే తెగడం మొదలైంది. నువ్వు ఆ చేత్తోనే తలవైపు పట్టుకుని మనుషుల్ని మెట్లు దించావు.

నేను తప్పు చదివానని చెప్పు, సంతోషిస్తాను. లేకపోతే ఇనప మెట్ల మీద ఏం జరిగిందో రాయి. అప్పటిదాకా సంతకం సంగతి ఎత్తకు.

వదిన

*

పదమూడో వారం

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఫిజియోథెరపిస్టు, పోలీసు కారు. నా భుజానికి ఇప్పుడు బలం ఉందా లేదా చూసి సంతకం పెట్టడం మీ పని. ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అనేది ఎవరూ మిమ్మల్ని అడగలేదు. విచారణ అయిపోయింది, రిపోర్టు రాశారు, దాని మీద అందరూ సంతకాలు పెట్టారు.

మా అన్నయ్యని పెళ్ళి చేసుకున్నంత మాత్రాన నా పదకొండేళ్ళ ఉద్యోగం మీ గుప్పిట్లో పెట్టినట్టు కాదు. అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయన మీతో మాట్లాడతాడు.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

వ్యాయామాల గది నుంచి
పధ్నాలుగో వారం

చంటీ,

మీ అన్నయ్య మాట్లాడాడు. చిన్నది, దాని పొట్ట కొట్టకు అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నాతో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. నాలుగు రోజులుగా ఇంట్లో అవసరమైన మాటలే నడుస్తున్నాయి.

సంతకం పెట్టను. నా సంతకం చూసి ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నీ స్ట్రెచర్ ఎక్కుతాడు. నొప్పి దాచే మనిషి చేతికి అతన్ని ఎలా అప్పగించను?

వ్యాయామాలు మాత్రం ఆపకు. ఈ వారం నుంచి ఎర్ర బ్యాండు, అది ఇంకాస్త గట్టిది. మోచెయ్యి నడుముకి ఆనించి లోపలికి పన్నెండు, బయటికి పన్నెండు, మూడు విడతలు. చీపురుకర్ర రెండు చేతుల్తో పట్టుకుని తలపైకి పదిసార్లు. అద్దం ముందు చెయ్యి, కుడిభుజం ఎగురుతోందేమో చూసుకో. నాతో మాట్లాడాలని లేకపోతే అంకెలు కార్డు మీద రాసి పడెయ్యి, పలకరింపులు అక్కర్లేదు.

వదిన

*

పదిహేనో వారం. ఎర్ర బ్యాండు పన్నెండు, మూడు విడతలు. కర్ర పది. నొప్పి మూడు.

*

పదహారో వారం. ఎర్ర బ్యాండు పదిహేను, మూడు విడతలు. కర్ర పదిహేను. నొప్పి రెండు. నిద్ర లేదు.

*

మేడ మీది గది నుంచి
పదిహేడో వారం

వదినా,

నిన్న పరీక్ష దరఖాస్తు కోసం స్టేషన్‌కి వెళ్ళాను. ఆ కాగితాలు స్టోర్లో ఉంటాయని నాకు తట్టలేదు. డ్రైవరన్న బల్ల దగ్గర దుప్పట్లు మడతపెడుతున్నాడు. నడుముకి బెల్టు ఉంది. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను, అప్పటికే చూసేశాడు. దరఖాస్తు తీసిచ్చాడు. "చేయి ఎంతవరకు లేస్తోంది?" అన్నాడు. ఎత్తి చూపించాను. "ఇంకా లేవాలి" అని మళ్ళీ దుప్పటి మీద చెయ్యి వేశాడు. తిట్టి ఉంటే బయటికొచ్చి మామూలుగా నడిచిపోయేదాన్ని. ఆ ఒక్క మాటకి మెట్ల దగ్గరే కూలబడి ఏడ్చాను.

నువ్వు సరిగ్గానే చదివావు.

వానకి రెండున్నర నెలల ముందు, స్నానాలగదిలో పడిపోయిన ఒక పెద్దావిడని లేపుతుంటే భుజంలో ఏదో పుటుక్కుమంది. ఆ వారమంతా జుట్టు దువ్వుకోలేకపోయాను. డాక్టరు దగ్గరికెళితే సెలవు రాస్తాడు, సెలవు రాస్తే తలవైపు ఇంకొకరు పట్టుకుంటారు. నొప్పి బిళ్ళలు మింగి పనిలోకి వెళ్ళాను. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు. మందుల సంచీ ఎడమ భుజానికి మార్చుకున్నానని డ్రైవరన్న కనిపెట్టాడు. "కొన్నాళ్ళు వైపులు మారదామా?" అన్నాడు. రెండుసార్లు అడిగాడు. "క్రేన్‌కి రిపేరేంటి అన్నా" అని నవ్వేశాను.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మోస్తున్న ఇద్దరిలో ఎవరు ‘దించు’ అన్నా, రెండో మనిషి ఎందుకని అడక్కుండా ఉన్నచోటే దించెయ్యాలి. మెట్ల మధ్యలోనైనా, వానలోనైనా. తర్వాత కూడా కారణం అడగకూడదు. కొత్తవాళ్ళు చేరిన రోజున ముందు నేర్పేది ఇదే. పదకొండేళ్ళలో నేను ఆ మాట ఒక్కసారీ అనలేదు, దాన్ని గొప్పగా అందరికీ చెప్పుకుని తిరిగాను.

ఆ రోజు రెండో మలుపు దగ్గర వేళ్ళలో పట్టు పోతోందని నాకు తెలిసింది. మూడు మెట్ల వ్యవధి ఉంది. ఒక్క మాట అంటే చాలు. నోరు రాలేదు అనను, నేనే మూసుకున్నాను. ఇంకో పద్నాలుగు మెట్లు లాగేద్దామనుకున్నాను. చేయి వదిలేసింది. కాలు జారింది ఆ తర్వాత. బరువంతా ఆయన వీపు మీదికి జారింది. ఆయన చేతులు వదలకుండా రెయిలింగ్‌కి అడ్డంపడి నడుముతో ఆపాడు. ఆపకపోతే టైలరు గారు కింద నేల దాకా దొర్లేవారు.

తడి అని ఆయన చెప్పాడు వదినా. రెండుసార్లు చెప్పాడు, నేను విన్నాను. విచారణలో "తడి అని హెచ్చరించాడా?" అని అడిగారు. గుర్తులేదన్నాను. "అంటే హెచ్చరించలేదా?" అన్నారు. తలూపాను. నేను చేసింది ఆ తలూపడమే. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు, నా వైపు చూశాడు, తర్వాత రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

నిజం చెబితే ఉద్యోగం పోతుందని నాకు భయం. చెప్పకపోతే మళ్ళీ ఆ మెట్ల మీద ఎవరి ఎదురుగా నిలబడాలో తెలియక ఇంకా భయం. నిన్ను అన్న మాటలకి సిగ్గుపడుతున్నాను. ఏం చెయ్యమంటావు?

చంటి

*

వ్యాయామాల గది నుంచి
పద్దెనిమిదో వారం

చంటీ,

చదివాను. మీ అన్నయ్యకి చూపించలేదు. నీ ఉత్తరం చూసి కొంత కోపం తగ్గింది, కొంత పెరిగింది. రెండున్నర నెలలు జుట్టు దువ్వుకోలేని చేత్తో మనుషుల్ని మోశావు, పెరిగింది అందుకు.

మీ ఆఫీసుకి నేను ఏమీ రాయను. నేను రాస్తే చాడీ అవుతుంది. నువ్వే రాయాలి, నువ్వే వెళ్ళి ఇవ్వాలి. నాకు రాసినట్టే రాయి, బిళ్ళలతో సహా. తలూపిన సంగతి మరిచిపోకు, ఆయన్ని స్టోర్లో పడేసింది అదే.

నువ్వు రాసి ఇచ్చాక, భుజం పనికొస్తే సంతకం పెడతాను. అందులో మార్పు లేదు. ఉద్యోగం ఉంటుందని ధైర్యం మాత్రం చెప్పలేను, నాకు తెలియదు కనక.

వ్యాయామం సంగతి. ఆకుపచ్చ బ్యాండుకి మారు. లీటరు నీళ్ళ సీసా పట్టుకుని చేయి పక్కకి భుజం ఎత్తు దాకా, ఎనిమిదిసార్లు. గోడకి అరచేతులు ఆనించి తోసే దండీలు పది.

ఇంకోమాట. "మా అన్నయ్యని పెళ్ళి చేసుకున్నంత మాత్రాన" అన్న వాక్యం నాకు ఇంకా నొప్పిగానే ఉంది. పదికి ఆరు.

వదిన

*

మేడ మీది గది నుంచి
ఇరవై ఒకటో వారం

వదినా,

రాసిచ్చాను. నాలుగు పేజీలు. సూపరింటెండెంటు ఆవిడ నా ఎదురుగానే చదివింది. రెండో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివింది.

వారం తర్వాత పిలిచారు. డ్రైవరన్న మీద రాసిందంతా కొట్టేశారు, నడుం బెల్టు తియ్యగానే మోతలోకి తీసుకుంటారు. నాకు లిఖితపూర్వకంగా హెచ్చరిక, ఏడాది పాటు ప్రతినెలా భుజం పరీక్ష. మోత పరీక్షకి రానిస్తాం, కానీ జోడీని నువ్వే తెచ్చుకోవాలి అన్నారు. అది పాత నియమమే. పరీక్షలో రెండో కొస పట్టుకునే మనిషి తనంతట తాను ఒప్పుకుని రావాలి. ఇదివరకైతే నా పక్కన నిలబడడానికి పోటీ పడేవాళ్ళు.

నలుగుర్ని అడిగాను. ఇద్దరు నడుం నొప్పి అన్నారు, ఒకడు సెలవన్నాడు. నాలుగో అమ్మాయికి పని నేర్పింది నేనే. మొహం మీదే చెప్పింది. "అక్కా, నువ్వు లోపల ఏం దాస్తున్నావో తెలియకుండా నీతో మెట్లు దిగలేను." ఆ పిల్ల మాటలో తప్పులేదు.

డ్రైవరన్నకి క్షమించమని చెప్పాను. "విన్నాను" అన్నాడు. ఆయన్ని జోడీగా రమ్మని అడిగే మొహం నాకు లేదు.

భుజానికి బలం వస్తోంది వదినా. అయిదు కిలోల ఇసక సంచీ నడుం నుంచి ఛాతీ దాకా పదిసార్లు. నొప్పి ఒకటి. చేయి బాగుపడేసరికి పట్టుకునే మనిషి లేకుండా పోయేలా ఉంది.

ఆరు అన్నావు కదా, ఇప్పుడెంత?

చంటి

*

వ్యాయామాల గది నుంచి
ఇరవై అయిదో వారం

చంటీ,

మొన్న వచ్చి నీ భుజాన్ని నా చేతుల్తో చూసుకున్నాక నాకు నెమ్మది కుదిరింది. సంతకం పెట్టిన కాగితం దీంతో ఉంది. అందులో ఏముందో నీకూ తెలియాలి. కుడిచేతి బలం ఎడమచేతిలో వందకి ఎనభై అయిదు వంతులు. తలపైకి ఎత్తడం పూర్తిగా వచ్చింది. పాత అరుగుదల వల్ల ఆగకుండా ఎక్కువసేపు మోస్తే పట్టు సడలొచ్చు. ఆ చివరి వాక్యం రాయకుండా ఉండాల్సిందని నీకు అనిపిస్తుంది. రాయకుండా ఉండలేకపోయాను.

నీ గోడ మీద గీతలు లెక్కపెట్టాను, పదిహేడు. మూడింటి దగ్గర మునివేళ్ళ మీద లేచావు, నాకు తెలిసిపోయింది.

మీ అన్నయ్య నాతో మళ్ళీ పోట్లాడుతున్నాడు, ఇల్లు ఇల్లులా ఉంది. నొప్పి రెండుకి దిగింది.

జోడీ సంగతి నా చేతిలో లేదు. పరీక్ష రోజు పొద్దున పావుగంట ఒళ్ళు వేడెక్కించుకో, తిన్నగా బరువు పట్టుకోకు.

వదిన

*

మేడ మీది గది నుంచి
ఇరవై ఏడో వారం

వదినా,

పరీక్ష స్టేషన్ వెనక ఇనప మెట్ల మీద, మూడంతస్తులు. స్ట్రెచర్ మీద ఎనభై కిలోల ఇసక బొమ్మ. ఒకసారి తలవైపు, ఒకసారి కాళ్ళవైపు దించాలి, ఏ వైపూ మధ్యలో ఆగకూడదు. పొద్దున వెళ్ళి ఒళ్ళు వేడెక్కించుకుని ఒక్కదాన్నే నిలబడ్డాను. సూపరింటెండెంటు ఆవిడ గడియారం చూసి, పది నిమిషాలు చూద్దాం అంది. కొందరు కిటికీల్లోంచి చూస్తున్నారు. తలదించుకుని చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

తొమ్మిదో నిమిషంలో డ్రైవరన్న వచ్చాడు. బెల్టు లేదు. తిన్నగా పైకి వెళ్ళి కాళ్ళవైపు పిడులు పట్టుకున్నాడు. నేను తలవైపు పట్టుకున్నాను.

మొదటి రెండంతస్తులు బాగానే దిగాం. ఆయన మెట్టు, మెట్టు, మలుపు అని చెబుతున్నాడు. చివరి అంతస్తు మొదట్లోనే భుజం మండడం మొదలైంది. మలుపు తిరిగేసరికి నొప్పి అయిదు. వేళ్ళు చల్లబడ్డాయి. ఆ చల్లదనం నాకు తెలుసు. ఇంకా తొమ్మిది మెట్లున్నాయి. ఆగితే తలవైపు తప్పినట్టే, పదకొండేళ్ళ పేరు అక్కడితో సరి. దాటేస్తాననే అనిపించింది వదినా, నిజంగానే దాటేసేదాన్నేమో.

"దించు" అన్నాను.

నా మాట పూర్తికాకముందే స్ట్రెచర్ మెట్టుకి ఆనింది. ఆయన వెనక్కి తిరగలేదు, అడగలేదు. సూపరింటెండెంటు ఆవిడ కాగితం మీద ఏదో రాసింది. మెట్టు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను, అందరూ చూస్తున్నా ఆపుకోలేకపోయాను. కాసేపయ్యాక ఆయన "లేపుదామా?" అన్నాడు. లేపాం, కిందికి దించాం. నీళ్ళు తాగి, వైపులు మారి మళ్ళీ దించాం. ఈసారి ఆగలేదు.

కాగితం మీద ఇలా రాశారు. తలవైపు పనికిరాదు, కాళ్ళవైపు పనికొస్తుంది. ఆ మొదటి ముక్క రెండుసార్లు చదివాను. ఇప్పటికీ బాధగానే ఉంది, లేదని నీకు చెప్పను.

గేటు దగ్గర డ్రైవరన్నని ఎందుకొచ్చావని అడిగాను. "నీ మీద నమ్మకం వచ్చి కాదు. ఆ మాట అంటావో అనవో చూద్దామని" అన్నాడు. అనకపోయి ఉంటే ఏం చేసేవాడివన్నాను. "కిందికి దిగాక ఇంటికెళ్ళిపోయేవాణ్ణి."

నిన్న పనిలోకి వెళ్ళాను. జోడీల పట్టికలో నా పేరు ఎదురుగా ఎవరు రాస్తారా అని దూరం నుంచే చూశాను. ఆయనే తన పేరు రాసుకున్నాడు, తలవైపు గడిలో. మధ్యాహ్నం మొదటి ఫోన్. నాలుగో అంతస్తులో ఒక బడి పంతులమ్మ, కాలు విరిగింది, లిఫ్టు లేదు. కడిగిన మెట్లు ఇంకా ఆరలేదు. ఆయన తలవైపు పట్టుకున్నాడు, నేను కాళ్ళవైపు పట్టుకుని ముందు నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది, ఇక మెట్లు చెప్పాల్సింది నేను. వెనక ఆయనకి తన కాళ్ళు కనిపించవు. ఆయన చెప్పిన మాటని చెప్పలేదన్న మనిషిని నేను, ఇప్పుడు నా మాట పట్టుకుని ఆయన దిగాలి.

మొదటి మెట్టు దగ్గర ఆగాను. ఆయన బరువు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, తొందరపెట్టలేదు.

"తడి" అన్నాను. "మెట్టు" అన్నాను. నా వెనక ఆయన అడుగు పడింది.

చంటి